పాటకు తాళం వేసే కత్తెర

ట్యూన్ గుర్తుంటుంది, స్టెప్పు గుర్తుంటుంది. ఆ రెండింటినీ మన కళ్లలో నాటిన కెమెరామన్, ఎడిటర్ల పేర్లు మాత్రం టైటిల్స్‌తోనే వెళ్లిపోతాయి.

కీవ్ నగరంలోని మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు 2021లో తీసిన పాట ‘నాటు నాటు’. రామ్‌చరణ్, ఎన్టీఆర్ పక్కపక్కన చేరి ఆ స్టెప్పు అందుకోగానే నాలుగు కాళ్లూ ఒకే ఇరుసుకు బిగించినట్టు ఆడతాయి. అక్కడ సెంథిల్ కుమార్ కెమెరా ముఖాల మీదికి ఉరకదు. ఇద్దరినీ తల నుంచి బూటు దాకా చూపిస్తుంది. ఎడిటర్ శ్రీకర్ ప్రసాద్ కత్తెరా తొందరపడదు. ఆ చోట ముక్కలు ముక్కలుగా కోస్తే, ఆ జోడీ ఊపు కాళ్లదా, ఎడిటింగ్ టేబుల్‌దా అన్న అనుమానం మిగిలేది.

పాట చివరికొచ్చేసరికి లెక్క మారుతుంది. చుట్టూ ఒక్కొక్కరే కూలబడతారు, ఇద్దరే మిగులుతారు. భీమ్ (ఎన్టీఆర్) గెలవాలని జెన్నీ అనే అమ్మాయి ఆరాటపడటం రామ్ (రామ్‌చరణ్) కంట పడుతుంది. అతని చూపు, ఆమె ముఖం, మళ్లీ అతని ముఖం. ఆ వెంటనే కావాలనే తడబడి పడిపోతాడు. నేస్తం కోసం ఓడిపోయాడన్న సంగతి డైలాగు లేకుండానే, షాట్ల వరసలోనే మనకు అందుతుంది. 2023లో ఆస్కార్ కీరవాణికి, చంద్రబోస్‌కు దక్కింది. అది పాటకిచ్చే బహుమతి కాబట్టి న్యాయమే. కానీ మనం వందసార్లు ‘చూసిన’ పాటలో సెంథిల్ కుమార్, శ్రీకర్ ప్రసాద్‌ల వాటా తక్కువేం కాదు.

కొయ్యకపోవడమూ కళే

ఈ సంయమనం పాతదే. 1930ల హాలీవుడ్‌లో ఫ్రెడ్ ఆస్టైర్ పట్టుదల ఒకటే: నాట్యం నడుస్తున్నంతసేపూ ఒళ్లంతా ఫ్రేములో ఉండాలి, కట్‌లు వీలైనంత తక్కువగా పడాలి. ‘టాప్ హ్యాట్’ (1935) చూస్తే తెలుస్తుంది. పాదం ఆడుతుంటే ముఖం క్లోజప్ వేయడం ఆయన లెక్కలో నర్తకుణ్ణి సగానికి నరకడమే.

1972లో బాబ్ ఫాసీ ‘క్యాబరే’లో దారి మళ్లించాడు. కథాకాలం 1931, ఊరు బెర్లిన్. క్లబ్బు వేదిక మీద ఒకరి చెంప ఒకరు చరుచుకునే హాస్యనృత్యం. బయట నాజీ మూక ఆ క్లబ్బు మేనేజరునే చితకబాదుతోంది. ఎడిటర్ డేవిడ్ బ్రెదర్టన్ ఆ రెండింటినీ అల్లేశాడు. లోపల చప్పట్లు, బయట దెబ్బలు, లయ మాత్రం ఒకటే. నవ్వుతున్న ప్రేక్షకుడి నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. ఆ సినిమాకు వచ్చిన 8 ఆస్కార్లలో ఒకటి బ్రెదర్టన్‌ది, ఒకటి ఛాయాగ్రాహకుడు జెఫ్రీ అన్స్‌వర్త్‌ది.

ఆ వెన్నెల ఎవరిది?

పాటను కంటికి చూపే ఈ విద్య మనకు కొత్తా? ‘మాయాబజార్’ (1957) పడవ పాట ‘లాహిరి లాహిరి లాహిరిలో’ గుర్తు చేసుకోండి. నలుపు తెలుపుల్లో నీటి మీద తళతళలాడే ఆ వెన్నెల మార్కస్ బార్ట్‌లీ కెమెరాతో చేసిన కనికట్టు. ఘంటసాల గొంతు ఎంత చల్లనో ఆ వెలుగూ అంత చల్లన. పాట వినగానే చలువ తగిలిందంటే అందులో కన్ను చేసిన పని కూడా ఉంది. సినిమా తర్వాత రంగుల్లోకి మారినా ఆ నలుపు తెలుపు వెన్నెలనే తలుచుకునేవాళ్లు ఇంకా ఉన్నారు.

కత్తెర ఎక్కువగా పడితే గొప్ప, తక్కువగా పడితే గొప్ప అని సూత్రమేమీ లేదు. నర్తకుల సత్తా చూపాల్సిన చోట ఆగాలి, కథ కదలాల్సిన చోట తెగాలి. ఆ తేడా తెలియని పాటలో ఎన్ని డ్రోన్లు ఎగిరినా, ఎన్ని వందలమంది ఆడినా, థియేటర్ గుమ్మం దాటేసరికి ఏమీ మిగలదు.

ఈ ఆదివారం మీకు నచ్చిన పాట ఒకటి పెట్టుకోండి. కచేరీలో తాళం వేసినట్టు, షాట్ మారినప్పుడల్లా తొడ మీద ఒక దెబ్బ వెయ్యండి. మీ చెయ్యి ఎక్కడ పరుగెత్తిందో, ఎక్కడ గాల్లోనే ఆగిపోయిందో గమనించండి. ఆ తర్వాత టైటిల్స్‌కు వెనక్కి వెళ్లి కెమెరామన్, ఎడిటర్ పేర్లు చదవండి.