వచనం పక్కనే మరో వచనం

చింతలపూడి నుంచి నూజివీడు దాకా మామిడి తోటల మధ్య ఊళ్లలో ఆదివారమంటే వాక్యం. అక్షరం ముక్క రాని అవ్వలు కూడా కీర్తనలు పొల్లుపోకుండా అప్పజెబుతారు. తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచిన మనుషుల చేతికి బైబిలు అనే ఒక పుస్తకం వచ్చింది, అది వాళ్ల సొంతమైంది. అదే పుస్తకంలోంచి ఒక్కో వచనం ఏరి తోటివాళ్ల మీద తీర్పు చెబుతుంటే ఎక్కువగా నొప్పి పుట్టేది అందుకే.

చాలా పెంతెకొస్తు, బ్రదరన్ సంఘాల్లో బాప్తిస్మం తీసుకోబోయే ఆడమనిషి చేత ముందు చెవిదిద్దులు తీయిస్తారు. పూలు, బొట్టు పెట్టుకుంటే లోకంలో పడిపోయిందంటారు. దానికి చూపించే ఆధారం తిమోతికి పౌలు రాసిన మొదటి పత్రిక, రెండో అధ్యాయం, తొమ్మిదో వచనం. పూల మాట, బొట్టు మాట ఆ వచనంలో లేనే లేవు. బంగారంతో పాటు ఖరీదైన బట్టలూ వద్దని మాత్రం ఉంది. పెళ్లిళ్లలో పట్టుచీరల గురించి ఎవరూ అడగరు. పుట తిప్పితే మూడో అధ్యాయం. సంఘాన్ని నడిపేవాడికి ధనాపేక్ష ఉండకూడదు, జగడాలమారి కాకూడదు అంటుంది. ఆరో అధ్యాయం ధనవంతుల్ని గర్వపడొద్దని, ఉన్నది పంచమని ఆజ్ఞాపిస్తుంది. పత్రిక ఒక్కటే. రెండో అధ్యాయం కూలికి వెళ్లే చెల్లెమ్మ చెవుల దాకా వస్తోంది, మూడోదీ ఆరోదీ ప్రసంగ వేదిక మీదికే రావడం లేదు.

అదే రెండో అధ్యాయం పన్నెండో వచనం చూపించి స్త్రీ బోధించకూడదంటారు. ఆ పౌలే రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయంలో కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబేను చేర్చుకొమ్మని సిఫారసు చేశాడు. స్త్రీలు సంఘంలో ప్రార్థించడం, ప్రవచించడం గురించి కొరింథీయులకు రాశాడు. మనకు అంత దూరం పోవక్కర్లేదు కూడా. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల డయాసిస్ బిషప్ అయ్యారు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో తొలి మహిళా బిషప్ తెలుగు నేల మీదే అభిషేకం పొందారు.

ఇక లేవీయకాండం. స్వలింగ సంపర్కం నేరం కాదని 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి తీర్పుల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ఆ పుస్తకంలోని 18వ అధ్యాయం, 20వ అధ్యాయం ఎత్తి చూపుతారు. ఆ రెండింటి నడుమ 19వ అధ్యాయం ఉంది. అందులోంచి తీసేది ఎక్కువగా పచ్చబొట్టు వద్దనే 28వ వచనం. గడ్డం అంచులు కత్తిరించొద్దనే 27వ వచనాన్ని, రెండు రకాల నూలు కలిసిన బట్ట వద్దనే 19వ వచనాన్ని ఎవరూ ముట్టుకోరు.

మామిడి రైతులు ఆ అధ్యాయం మొత్తం చదవాలి. నాటిన చెట్టు కాయను మూడేళ్లు తినొద్దని, నాలుగో ఏటి కాయ దేవుడిదని, ఐదో ఏట తినమని అక్కడ ఉంది. అంటుమొక్కకు మొదటి రెండు మూడేళ్లు పూత తుంచేసే మనవాళ్లకు ఆ మాట కొత్తేమీ కాదు. పదో వచనం ఇంకా దగ్గరిది. తోటలో పరిగె ఏరుకోకూడదు, రాలిన పండ్లు బీదలకు, పరదేశులకు వదిలెయ్యాలి. పదమూడో వచనం కూలివాడి డబ్బు తెల్లారేదాకా దగ్గర పెట్టుకోవద్దంటుంది. బంగినపల్లి, రసాల కోతలు సాగే రోజుల్లో, గాలివానకు కాయ రాలే రోజుల్లో ఈ రెండు వచనాలకు మించిన ప్రసంగాంశం ఈ ప్రాంతానికి ఏముంటుంది? స్వలింగ సంపర్కాన్ని ఖండించడానికి ఎత్తే మరో పేరు సొదొమ. ఆ ఊరి పాపం ఏమిటని అడిగితే యెహెజ్కేలు 16వ అధ్యాయం నేరుగానే చెబుతుంది: గర్వం, కడుపునిండా తిండి, నిశ్చింత, దీనుడికి చెయ్యందించకపోవడం. సొదొమ పేరెత్తేవాళ్లు ఆ అధ్యాయం తెరవరు. హిజ్రాలను మందిరం గుమ్మం దగ్గరే ఆపేవాళ్లు ద్వితీయోపదేశకాండం 23 చూస్తారు. నపుంసకులకు కొడుకులు, కూతుళ్ల కంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానన్న యెషయా 56 చూడరు, ఐతియొపీయ నపుంసకుడికి ఫిలిప్పు బాప్తిస్మమిచ్చిన కథా చూడరు.

తెలుగు క్రైస్తవులకు ఇలా వచనాలు ఏరి తీర్పు చెప్పడం మరీ తగని పని. 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దగ్గరికి మొదట అగ్రవర్ణాల వారు వచ్చారు. మాదిగలు చేరడం మొదలవగానే వాళ్లను దూరం పెట్టమని పట్టుబట్టారు. ఏంచేయాలో తోచని ఆ ఘడియలో క్లౌ దంపతులిద్దరూ ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిస్తే ఒకే చోటు కనిపించిందని ఆయన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. గొప్ప వంశస్థులు కాదు, లోకం నీచంగా చూసినవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే మొదటి కొరింథీ మొదటి అధ్యాయం అది. తలుపు మూయకుండా ఆపింది ఆ వాక్యమే. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నేటి తెలుగు సంఘాల్లో ఎన్నో అలా లోపలికి వచ్చినవాళ్ల సంతానం. వాళ్ల పిల్లలు ఇంకొకరి ముఖాన తలుపు వేయడానికి వచనం వెతకడం అన్యాయం.

పాస్టరు గార్లారా, సంఘ పెద్దలారా, ఒక మనవి. ఈ మామిడి కాపు ముగిసేలోగా ఒక ఆదివారం లేవీయకాండం 19వ అధ్యాయాన్ని మొదటి వచనం నుంచి 37వ వచనం దాకా ఆపకుండా చదివించండి. కూలి డబ్బులు రావాల్సినవాళ్లను ముందు వరుసలో కూర్చోబెట్టండి. ప్రసంగం పదో వచనం, పదమూడో వచనం మీదే చెప్పండి.