అది మొలలు కాకపోవచ్చు

పెద్దామె దొడ్డికి కూర్చుని ముక్కితే ఎర్రగా, తడిగా ఏదో కిందికి జారుతుంది. లేచేముందు చేత్తో లోపలికి నెట్టుకుంటుంది. కోడలికి కూడా చెప్పదు. మెడికల్ షాపు నుంచి మొలల మందు తెప్పించుకుంటుంది. ఏ ఊళ్లోనైనా ఏళ్ల తరబడి జరిగేది ఇదే.

కానీ అలా జారేది మొలలు కాకపోవచ్చు. పెద్దపేగు చివరనుండే పురీషనాళం, చొక్కా చెయ్యి తిరగబడినట్టు, మలద్వారం గుండా బయటికి వస్తుంది. ఆయుర్వేదంలో దీని పేరు గుదభ్రంశం. మొలలకూ దీనికీ తేడా కంటికే తెలుస్తుంది. మొలలైతే ఉబ్బుల మధ్య చీలికలు పూరేకుల మధ్య సందుల్లా ఉంటాయి. పేగు జారితే మడతలు గుండ్రంగా, చెరువులో రాయి వేసినప్పుడు లేచే వలయాల్లా ఉంటాయి.

చిక్కేమిటంటే, డాక్టరు ముందు బల్ల మీద పడుకుంటే చాలాసార్లు అది బయటికి రాదు. అందుకే టాయిలెట్‌లో కూర్చుని ముక్కమని, అప్పుడు చూస్తారు. ఇంట్లో జారినప్పుడు ఫోన్‌తో ఒక ఫొటో తీసి చూపిస్తే సగం పని అయినట్టే. ఆ తర్వాత వేలితో కండరాల పట్టు చూస్తారు. కణితి లేదని తేల్చుకోడానికి కొలనోస్కోపీ చేస్తారు. ఆడవాళ్లలో గర్భసంచి కూడా జారిందేమో చూడాలి.

చిన్నపిల్లల్లో మలబద్ధకం, విరేచనాలు, నులిపురుగుల సంగతి చూసుకుంటే చాలావరకు అదే తగ్గిపోతుంది. పెద్దవాళ్లకు మాత్రం ఆపరేషనే మందు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లకు పొట్ట వైపు నుంచి, ఎక్కువగా లాప్రోస్కోపీతో, పేగును పైకి లాగి వెన్ను అడుగు ఎముకకు కుడతారు. ఒక్కోసారి మెష్ అనే వల పెడతారు. గుండె, ఊపిరితిత్తులు బలహీనమైతే కింది నుంచే చేస్తారు. అలా కింది నుంచి చేసే పద్ధతుల్లో ఒకటి ఫ్రెంచి సైన్యంలో సర్జనైన ఎడ్మండ్ డెలోర్మ్ 1900లో వివరించినది. జారిన పేగు లోపలి పొరను ఒలిచి, కండరాన్ని లంగా కుచ్చిళ్లలా దగ్గరకు కుడతారు. నడుముకు మత్తిచ్చి కూడా చేయొచ్చు.

ఏది మేలన్న వాదన ఇంకా తెగలేదు. బ్రిటన్ నుంచి 2013లో వెలువడిన ప్రాస్పర్ అధ్యయనంలో పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు గానీ, ఏది చేసినా రోగుల జీవితం బాగా మెరుగుపడింది. మళ్లీ జారే అవకాశం మాత్రం ఏ పద్ధతిలోనైనా కొంత ఉంటుంది.

నా భయమల్లా ఆలస్యం గురించే. జారిజారి కండరం సాగిపోతే మలాన్ని ఆపుకునే పట్టు ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా రాకపోవచ్చు. బయటికొచ్చింది లోపలికి వెళ్లకుండా నల్లబడితే ఆ పూటే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మీ ఇంట్లో అమ్మ పదేపదే మొలల మందు తెమ్మంటుంటే, ఈసారి మందు తేవడానికి ముందు పక్కన కూర్చుని మెల్లగా అడగండి.