మస్టరు చదివిన పిల్లలు

వాన కురిస్తే శెనక్కాయ, కురవకుంటే బెంగళూరు బస్సు. ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో ఏళ్ల తరబడి బతుకు లెక్క ఇదే. ఇలాంటి నేల మీద ఉపాధి పనుల్లో దొంగ మస్టరు (కూలి హాజరు పట్టీ) రాయాలనుకున్నవాడికి వలసపోయిన మనిషి పేరే అన్నిటికంటే తేలిక. ఆ మనిషి ఎక్కడో బేల్దారి పనిలో ఉంటాడు. ఇంటికి తాళం పడి ఉంటుంది. జాబ్ కార్డు ఇంకొకరి చేతిలో ఉంటుంది. ఆయన తవ్వని కుంటకు ఆయన పేరు మీదే కూలి పడితే అడిగేదెవరు?

అడగడం నేర్చిన పిల్లలు కొందరున్నారు. మానవ హక్కుల నాయకత్వానికి యువతను తయారుచేయడమంటే పట్నంలో చల్లటి హాలు, వక్తలు, చివర్లో సర్టిఫికెట్టు అని చాలామంది అనుకుంటారు. మన దగ్గర అది ఊరి బడి వరండాలో, మస్టరు జెరాక్సు కాగితాల ముందు జరిగింది.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. తొలి విడతలో దేశంలోని 200 జిల్లాలకు అది వర్తించింది. జనం నోట మాత్రం అది కరువు పనే. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ ఈ పనుల లెక్క తనిఖీ చేసే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. ఆ సెక్షన్‌కు కాళ్లూ చేతులూ వచ్చింది ఇక్కడే. అదే ఏడాది ఇదే జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ పాదయాత్ర జరిగింది. రాజస్థాన్‌లో 1990లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలి లెక్కల కాగితాలను ఊరి ముందు పెట్టి చదివించే పద్ధతిని అప్పటికే నడిపి చూపించింది. ఆ సంస్థ కార్యకర్తలను రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ పిలిపించింది. వారిలో ఒకరైన సౌమ్య కిడాంబి తర్వాత ఇక్కడి తనిఖీ వ్యవస్థకే డైరెక్టరయ్యారు. 2009లో అది విడిగా ఒక సొసైటీగా ఏర్పడింది.

తనిఖీకి ఎవరిని తీసుకున్నారన్నదే ఇందులో అసలు విషయం. ఆడిటర్లను కాదు, రిటైరైన అధికారులను కాదు. కూలికి పోయే ఇళ్లలో పదో, ఇంటరో చదివిన పిల్లలను తీసుకున్నారు. తట్ట మోసిన అమ్మ, పార పట్టిన నాన్న ఉన్న ఇంటి పిల్లకు ఎన్ని రోజుల పనికి ఎంత కూలి రావాలో ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఆమెకు అందనిదల్లా కాగితం. శిక్షణ అంతా ఆ కాగితం చుట్టూనే సాగింది. సమాచార హక్కు కింద రికార్డులు ఎలా అడగాలి, మస్టరులో సంతకం, వేలిముద్ర ఎక్కడ చూడాలి, జాబ్ కార్డులో పడిన రోజులకూ మస్టరు రోజులకూ తేడా ఎలా పట్టాలి, ఎం బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) రాసిన పొడవు, వెడల్పు, లోతులను టేపు పట్టి నేల మీద ఎలా కొలవాలి. ఆ తర్వాత గడపగడపకూ తిరగడం. చనిపోయిన వాళ్ల పేర్లు, వలసపోయిన వాళ్ల పేర్లు బయటపడేది అక్కడే. కూలి మనిషి చెప్పింది ఆమె మాటల్లోనే రాసి, మళ్లీ చదివి వినిపించి, అప్పుడు వేలిముద్ర వేయించుకోవాలి. ‘నువ్వు చెప్పింది ఇదేనా అమ్మా?’ అని అడగడం కూడా శిక్షణలో భాగమే.

ఇంకో కట్టుబాటు నాకు అన్నిటికంటే గొప్పగా అనిపిస్తుంది. తనిఖీకి వెళ్లిన ఊళ్లో పెద్దల ఇంటి భోజనం, అధికారి ఏర్పాటుచేసిన బస ముట్టకూడదు. తిండికి కూలివాళ్ల గడపే. సీమ పల్లెల్లో ఎవరింట్లో తిన్నావన్నదాన్ని బట్టే నువ్వెవరి మనిషివో జనం తేల్చేస్తారు. మండల కేంద్రంలో షామియానా కింద, తేలిన లెక్కలు బయటపెట్టే ప్రజావేదిక జరిగే రోజున, అధికారుల ఎదుట మైకు పట్టుకుని పేరుపేరునా చదవాల్సిన గొంతుకు కావలసిన బలం ఆ అన్నంలోనే ఉంది.

ఈ నేలకు హక్కుల పని కొత్తేమీ కాదు. అనంతపురం జిల్లా వాడైన సాహితీవేత్త రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మనవడు కె. బాలగోపాల్. గణితం పాఠాలు చెప్పిన ఆయన పౌరహక్కుల సంఘంలో ఏళ్లపాటు పనిచేసి, 1998లో మానవ హక్కుల వేదిక ఏర్పాటులో ముందున్నారు. 2009 అక్టోబరులో చనిపోయేదాకా ఊరూరా తిరిగి నిజనిర్ధారణ చేశారు. ఆ సంఘాల్లో కుర్రాళ్లు పని నేర్చుకునేదీ అలాగే: పెద్దవాళ్ల వెంట వెళ్లడం, బాధితులతో పాటు పోలీసులనూ అధికారులనూ అడగడం, తేలిందే రాయడం. 2011లో ఐక్యరాజ్య సమితి హక్కుల విద్యపై ప్రకటన చేసింది. హక్కుల గురించి తెలుసుకుంటే చాలదు, హక్కులను వాడుకునే, కాపాడే శక్తి కూడా రావాలని అది చెప్పింది. మన పిల్లలు ఆ పని అప్పటికే మొదలుపెట్టారు.

అయితే తనిఖీల ఫలితం అంతటి శ్రమకు తగ్గట్టు లేదు, ఈ మాట దాచకూడదు. ఫర్జానా అఫ్రీదీ, వెగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్‌లోని 8 జిల్లాల తనిఖీ నివేదికలను పరిశీలించారు. తేలిగ్గా దొరికే మోసాలు తగ్గి, సామగ్రి బిల్లుల్లాంటి పట్టుకోవడం కష్టమైన మోసాలు పెరిగాయని వారు గమనించారు. కాజేసినట్టు తేలిన సొమ్ములోనూ ఎక్కువ భాగం వెనక్కి రాలేదు. పట్టుకోవడం పిల్లల పని. వసూలు చేయడం, శిక్షించడం ప్రభుత్వం పని. మొదటివాళ్లు నేర్చుకున్నారు, రెండోవాళ్లు చేయలేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. చట్టం మారినా మస్టరు చదవగలిగిన పిల్లల అవసరం తీరదు. రేషన్, పింఛను, హాస్టల్ బియ్యం, బాల్యవివాహం, పొలం పాసుపుస్తకం, వీటిలో దేనికైనా అదే విద్య కావాలి: కాగితం సంపాదించు, గడప తొక్కు, నేల కొలువు, నలుగురిలో చదువు. ముదిగుబ్బ లాంటి మండలంలో ఇంటర్ పాసై ఇంట్లో ఉన్న ఆడపిల్లలకు ఈ శిక్షణ నాలుగు రోజులతో ముగిసిపోకుండా ఏడాది పాటు సాగాలి. తిరిగిన రోజులకు భత్యం ఇవ్వాలి. బెదిరింపు వస్తే వెంటనే పలికే వకీలును జిల్లా న్యాయసేవాధికార సంస్థ ముందే చూపించాలి. ప్రజావేదికలో ఏ అధికారి ఏం ఒప్పుకున్నాడో, ఆరు నెలల తర్వాత అందులో ఎంత జరిగిందో ఆ పిల్లలే మళ్లీ వెళ్లి అదే ఊళ్లో చదివే ఏర్పాటు ఉండాలి.