ఎర్ర బిళ్ళ ఎక్కడ పనిచేస్తుంది?

క్లోరోఫాం వల్ల మనిషి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? 1880ల చివర్లో ఈ ప్రశ్న మీద లండన్ డాక్టర్లకూ హైదరాబాద్ డాక్టర్లకూ పెద్ద వాదమే నడిచింది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రినీ, ఇక్కడి వైద్య పాఠశాలనూ నడిపిన ఎడ్వర్డ్ లారీ ఊపిరే ముందు ఆగుతుందని పట్టుబట్టాడు. సంగతి తేల్చడానికి నిజాం ప్రభుత్వం అండతో 1888లో ఒకటి, 1889లో ఇంకొకటి క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి లారీ మాటకే ఓటేశాయి. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో ఆ తీర్పు వీగిపోయింది. క్లోరోఫాంతో గుండె లయ తప్పి ఉన్నపళంగా ఆగిపోవచ్చని ఆయన చూపించాడు.

ఆ పాత ఆస్పత్రి 1908 మూసీ వరదకు దెబ్బతింది. ఆ తర్వాత విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో నది ఒడ్డునే ఉస్మానియా ఆస్పత్రి లేచింది. మందు ఒంట్లో ఎక్కడ పనిచేస్తుందన్న ప్రశ్న మాత్రం గుండె, ఊపిరితిత్తుల దగ్గర ఆగలేదు. కణంలోకి, కణంలోని డీఎన్‌ఏ దాకా వెళ్ళింది.

ఇందుకు సర్కారు దవాఖానాల్లో రోజూ చేతులు మారే మందే మంచి ఉదాహరణ. టీబీ రోగికి మొదటి రెండు నెలలు ఇచ్చే బిళ్ళలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. అందులో 150 మిల్లీగ్రాములు రిఫాంపిసిన్. దాని రంగు ఎరుపు. వేసుకున్న కొన్ని గంటలకే మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, చెమటకూ కన్నీళ్ళకూ కూడా ఆ రంగు అంటుతుంది. “రక్తం పోతోందని భయపడకండి, మందు రంగే” అని సిస్టర్లు ముందే చెప్పి పంపుతారు. ఈ మందు రెండు చోట్ల పనిచేస్తుంది, ఒకటి క్రిమిలో, రెండోది రోగి కాలేయంలో. రెండు చోట్లా అది తగులుకునేది డీఎన్‌ఏను పట్టుకుని పనిచేసే ప్రొటీన్లకే.

ముందు క్రిమి సంగతి. టీబీ క్రిమి డీఎన్‌ఏలో సుమారు 44 లక్షల అక్షరాలు ఉన్నాయని 1998లో తేలింది. ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతోనే ఆ రాతంతా. దాన్ని చదివి ఆర్‌ఎన్‌ఏగా తిరగరాసే ప్రొటీన్ పేరు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. ఆ ఆర్‌ఎన్‌ఏ తయారు కాకపోతే క్రిమికి కొత్త ప్రొటీన్లు లేవు, బతుకూ లేదు.

అసలు ప్రొటీన్ డీఎన్‌ఏను ఎలా పట్టుకుంటుంది? డీఎన్‌ఏ వెన్నెముకలో వరసగా ఫాస్ఫేట్లు ఉంటాయి, వాటిది రుణావేశం. ప్రొటీన్‌లోని లైసీన్, ఆర్జినీన్ అనే అమైనో ఆమ్లాలది ధనావేశం. ఈ ఆకర్షణ ప్రొటీన్‌ను డీఎన్‌ఏకు అతుక్కునేలా చేస్తుంది, కానీ ఎక్కడ నిలవాలో చెప్పదు. చోటు తెలిసేది అక్షరాల అంచుల వల్ల. మెలితిరిగిన డీఎన్‌ఏలో ఒక వెడల్పాటి గాడి, ఒక సన్నటి గాడి ఉంటాయి. చాలా ప్రొటీన్లు తమలోని చుట్ట తిరిగిన ముక్క ఒకదాన్ని వెడల్పాటి గాడిలోకి దూర్చి, రెండు పోగుల అక్షరాల జతలను విడదీయకుండానే అక్కడున్నది ఏ అక్షరమో పోల్చుకుంటాయి.

పాలిమరేజ్‌కు జన్యువు మొదలు ఎక్కడో చూపించేది సిగ్మా అనే తోడు ప్రొటీన్. జన్యువుకు కాస్త ముందున్న గుర్తులను అది పట్టేస్తుంది. ఆ చోట డీఎన్‌ఏ పోగులు సుమారు పదమూడు అక్షరాల మేర విడిపోతాయి. సిగ్మా వాటిలో రెండు అక్షరాలను పక్కకు తిప్పి, తన గుంటల్లో ఇరికించుకుంటుంది. ఆ పట్టు దొరికాకే రాత మొదలవుతుంది.

రిఫాంపిసిన్ వచ్చి కూర్చునేది సరిగ్గా ఇక్కడే. పాలిమరేజ్‌లోని బీటా అనే భాగంలో, ఆర్‌ఎన్‌ఏ బయటికి వచ్చే దారి పక్కన ఒక గుంట ఉంది. మందు అందులో ఇమిడిపోతుంది. అక్షరాలను కలిపే పనిని అది చెడగొట్టదు. రెండు మూడు అక్షరాలు కలిసేసరికి ఆర్‌ఎన్‌ఏ పోగుకు ముందుకు జరిగే చోటు ఉండదు. అఫ్జల్‌గంజ్ సందులో ట్రాలీ ఆటో అడ్డంగా ఆగితే వెనక బండ్లన్నీ నిలిచిపోయినట్టే. మనిషి పాలిమరేజ్‌లో ఆ గుంట తీరు వేరు కాబట్టి రోగి కణాల రాత ఆగదు.

ఈ మందు మూలం మట్టిలో ఉంది. 1957లో మిలన్‌లోని లెపెటిట్ కంపెనీ వాళ్ళు ఫ్రాన్స్ సముద్ర తీరం నుంచి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవిలో రిఫామైసిన్లను కనుక్కున్నారు. నోటితో వేసుకోదగ్గ రిఫాంపిసిన్ 1960లలో వచ్చింది. ఏడాదిన్నర సాగే టీబీ వైద్యం ఆరు నెలలకు తగ్గడంలో దీని పాత్ర పెద్దది.

అయితే బీటా భాగాన్ని చేసే జన్యువులో ఒక్క అక్షరం మారినా చాలు, మందు పట్టు జారిపోతుంది. ఎక్కువగా కనిపించే మార్పు టీసీజీ అన్న చోట టీటీజీ రావడం. దాంతో సెరీన్ ఉండాల్సిన చోట లూసీన్ వస్తుంది, మందుకు గుంటలో చోటు దొరకదు. రిఫాంపిసిన్‌కు లొంగని క్రిముల్లో దాదాపు 95 శాతానికి ఇలాంటి మార్పులు ఆ జన్యువులోని 81 అక్షరాల ముక్కలోనే ఉంటాయి. కఫం పరీక్షకు వాడే సీబీనాట్ యంత్రం వెతికేది ఆ 81 అక్షరాలనే. క్రిమిని వారాల తరబడి పెంచి చూడాల్సిన పని లేకుండా రెండు గంటల్లోపు జవాబు వస్తుంది.

ఇక రోగి కాలేయం. అక్కడ పీఎక్స్‌ఆర్ అనే ప్రొటీన్ కాపలా కాస్తుంటుంది. ఒంట్లోకి కొత్త రసాయనాలు వస్తే పసిగట్టడం దాని పని. రిఫాంపిసిన్ తగలగానే అది ఆర్‌ఎక్స్‌ఆర్ అనే ఇంకో ప్రొటీన్‌తో జతకట్టి, కొన్ని జన్యువుల ముందున్న డీఎన్‌ఏ మీద కూర్చుంటుంది. మనిషి పాలిమరేజ్ వచ్చి ఆ జన్యువులను జోరుగా చదువుతుంది. వాటిలో ముఖ్యమైనది సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ జన్యువు. మనం వేసుకునే మందుల్లో చాలావాటిని విరగ్గొట్టేది ఈ ఎంజైమే.

ఫలితం ఇంట్లో తెలుస్తుంది. గర్భనిరోధక మాత్రలు వేసుకునే ఆమెకు టీబీ బిళ్ళలు మొదలుపెడితే ఆ మాత్రల మీద భరోసా ఉండదు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, కొన్ని హెచ్‌ఐవీ మందులు, కొన్ని షుగర్ మాత్రలు, స్టెరాయిడ్లు కూడా పలచబడతాయి. “ఇంకేం మందులు వాడుతున్నారు?” అని డాక్టర్ అడిగినప్పుడు పాత చీటీలన్నీ చూపించాల్సింది ఇందుకే. టీబీ బిళ్ళలు ఆపేశాక కూడా ఎంజైమ్ పాత మట్టానికి దిగడానికి సుమారు రెండు వారాలు పడుతుంది.

మళ్ళీ క్రిమి దగ్గరికి వస్తే, రాత మొదలవడం ఎంత ముఖ్యమో ఆగడమూ అంతే. బాక్టీరియాలో ఆ పని చేసేవాటిలో ఒకటి రో అనే ప్రొటీన్. 1969లో జెఫ్రీ రాబర్ట్స్ దీన్ని కనుక్కున్నాడు. ఆరు ముక్కలు కలిసిన ఉంగరంలా ఉండి, సీ అక్షరాలు ఎక్కువగా ఉన్న ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటుంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు చేస్తూ పాలిమరేజ్‌ను అందుకుని, దాన్ని డీఎన్‌ఏ మీంచి దింపేస్తుంది.

రో మీద హైదరాబాద్‌లో చాలా పని జరిగింది. సీసీఎంబీ, తర్వాత సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థల్లో జె. గౌరీశంకర్ బృందం ఇ.కోలై అనే బాక్టీరియాలో ఒక చిక్కు గమనించింది. ఆర్‌ఎన్‌ఏ వెంట ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములు నడవకపోతే, ఆ ఖాళీ పోగు వెనక్కి మళ్ళి డీఎన్‌ఏకే అతుక్కుంటుంది. రో, దానికి సాయపడే నస్‌జీ అనే ప్రొటీన్ ఈ ముడులు పడకుండా కాపాడతాయని వాళ్ళు చెప్పారు. సీడీఎఫ్‌డీలోనే రంజన్ సేన్ బృందం, పీ4 అనే వైరస్ చేసే పీఎస్‌యూ అనే ప్రొటీన్ రో పనిని ఎలా అడ్డుకుంటుందో వివరంగా చూసింది.

టీబీ క్రిమిలో రో తగ్గితే ఎక్కడపడితే అక్కడ రాత సాగిపోయి క్రిమి త్వరగా చచ్చిపోతుందని 2017లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అంటే మందుకు ఇదీ ఒక గురే. చేతిలో ఒక మందూ ఉంది. బైసైక్లోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇ.కోలై రోను ఆపేస్తుంది. టీబీ రో మాత్రం దానికి లొంగదు. మందు ఇమిడే గుంటలో ఇ.కోలైకి లూసీన్ ఉన్న చోట దీనికి మెథియోనిన్ ఉంది, దాని పొడుగాటి కొమ్మ మందును లోపలికి రానివ్వదు. రో మీద పనిచేసే టీబీ మందు కావాలంటే ఆ కొమ్మను తప్పించుకుని గుంటలో పట్టే కొత్త అణువును తయారుచేసుకోవాలి.