చిన్న ప్రెస్సులో ఏఐ: పని ప్లేటుకు ముందే

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లను ఎవరూ పారిశ్రామికవాడ అనుకోరు. సిటీ సెంట్రల్ లైబ్రరీ, త్యాగరాయ గానసభ, గ్రూప్స్ కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు, పుస్తకాల దుకాణాలు: ఆ పేటలకున్న పేరు ఇదే. అయితే అక్కడి చదువులకు, సభలకు, పెళ్లిళ్లకు కావలసిన కాగితాన్ని అచ్చేసి ఇచ్చే పని కూడా ఆ చుట్టుపక్కలే సాగుతుంది. డీటీపీ సెంటర్లు, మినీ ఆఫ్‌సెట్ మెషీన్లున్న చిన్న ప్రెస్సులు, బైండింగ్ గదులు చేసేది అక్షరాలా తయారీ పనే. జాతీయ పారిశ్రామిక వర్గీకరణ కూడా ముద్రణను తయారీ రంగంలోనే చేర్చింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిర్వచనం ప్రకారం యంత్రాలపై పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్ల రూపాయలు దాటకపోతే అది సూక్ష్మ పరిశ్రమ. కృత్రిమ మేధ చిన్న పరిశ్రమకు పనికొస్తుందా అన్న ప్రశ్నను ఇలాంటి ప్రెస్సు ముందు పెట్టి చూస్తేనే జవాబు తేలుతుంది. పనికొస్తుంది. కాకపోతే అందరూ చూపించే చోట, అంటే మెషీన్ దగ్గర కాదు. ప్లేటు చేయించడానికి ముందు.

అచ్చు పనిలో తప్పు ఖరీదు అంచెలంచెలుగా పెరుగుతుంది. 160 పేజీల పుస్తకం వెయ్యి కాపీలు వేయాలనుకుందాం. పదహారు పేజీల ఫారం లెక్కన 10 ఫారాలు. ఒకే రంగైనా ఫారానికి రెండు వైపులా కలిపి 20 ప్లేట్లు. వేస్టేజీ కాకుండా 10 వేల షీట్లు. తప్పు తెర మీద దొరికితే దిద్దడానికి అర నిమిషం చాలు. ప్లేటు అయ్యాక దొరికితే ప్లేటు మళ్లీ చేయించాలి. ఫారం అచ్చయ్యాక దొరికితే వెయ్యి షీట్ల కాగితం, సిరా, మెషీన్ సమయం గంగలో కలిసినట్టే. బైండింగ్ కూడా అయిపోయాక బయటపడితే తప్పొప్పుల పట్టిక అంటించడమో, పుస్తకాలు విప్పడమో చేయాలి. బిట్‌బ్యాంకులో కీ ఒక్క అక్షరం మారితే నష్టం ప్రెస్సుతో ఆగదు, చదివిన అభ్యర్థి తప్పు జవాబు నేర్చుకుని పరీక్షకు వెళ్తాడు. వీధి ప్రెస్సుకు ఒక్కో పనిలో మిగిలేది తక్కువ. ఒక్క రీప్రింటు పడితే నాలుగు పనుల లాభం అందులోనే పోతుంది.

కనుక ఏఐని అచ్చుతప్పుల కాపలాకు పెట్టడమే లాభసాటి. ప్రశ్నలెన్నో కీలో జవాబులూ అన్నే ఉన్నాయా, విషయసూచికలోని పేజీ నంబర్లు లోపలి పేజీలతో కలిశాయా, ఒకే మనిషి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా పడిందా, శుభలేఖలో వేసిన తేదీ నిజంగా ఆ వారమే వస్తుందా? ఇవేవీ మనిషికి చేతకానివి కావు. తెల్లారేసరికి పని ఇవ్వాల్సిన రాత్రి, అలిసిన కళ్లు దాటేసేవి. అయితే ఇక్కడొక నియమం తప్పనిసరి: ఏఐ అనుమానాన్ని చూపించాలి, తనంతట తాను దిద్దకూడదు. ఇప్పటి భాషా నమూనాలు ఇంగ్లిష్‌తో పోలిస్తే తెలుగును చాలా తక్కువగా చదివాయి. ఎక్కువసార్లు చూసిన రూపమే సరైనదనుకునే గుణం వాటికుంది. దిద్దే అధికారం ఇస్తే తెలంగాణ కథలోని ‘వచ్చిండు’ కాస్తా ‘వచ్చాడు’ అయిపోవచ్చు. చిన్న ఊరి పేరు పెద్ద ఊరి పేరుగా మారొచ్చు. చట్టాల సెక్షన్లు, సంవత్సరాలు తడుముకోకుండా తప్పుగా చెప్పడం కూడా వాటికి అలవాటే. అందుకే అది అనుమానాల జాబితా ఇవ్వాలి, ఒక్కో అనుమానాన్నీ ప్రూఫ్‌రీడర్ తేల్చాలి.

ఈ దారిలో తెలుగు ప్రెస్సుకు ప్రత్యేకంగా ఒక అడ్డంకి ఉంది. ఏళ్ల తరబడి మన డీటీపీ పని అను ఫాంట్ల వంటి వాటిలో సాగింది. వాటిలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరాలను కాదు, ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలను. ఫాంటు తీసేస్తే పేజీ అంతా అర్థంలేని గుర్తులే. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కినా, అచ్చురంగం పాత పద్ధతినే పట్టుకుని నడిచింది. అందువల్ల ప్రెస్సు దగ్గర ఇన్నేళ్లుగా పోగైన ఫైళ్లను ఏఐ చదవలేదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చేటప్పుడు ఒత్తులు, గుణింతాలు చెదిరాయేమో చూసుకోవాలి. ఏఐకి చందా కట్టకముందే చేయాల్సిన చాకిరీ ఇది. దీన్ని ఎగ్గొట్టి ఫలితం రాలేదంటే తప్పు ఏఐది కాదు.

మెషీన్ మీద కెమెరాలు పెట్టి ప్రతి షీటునూ పరీక్షించే ఏర్పాటు గొప్పదే. మందుల డబ్బాలు అచ్చేసేవాళ్లకు అది అవసరం కూడా. ఒకే డబ్బా లక్షల్లో అచ్చవుతుంది, మోతాదు అంకె చెదిరితే ప్రాణం మీదికి వస్తుంది. పొద్దున కరపత్రం, మధ్యాహ్నం బిల్లుబుక్కు, సాయంత్రం శుభలేఖ వేసే ప్రెస్సులో మాత్రం కెమెరాకు ఒక పని నేర్పేలోపే ఆ పని అయిపోతుంది. గిరాకీని ఏఐ ముందే చెబుతుందన్న మాటనూ అశోక్‌నగర్ అనుభవంతో తూచి చూడాలి. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపరు లీకు కారణంగా 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వెలువడింది. పాత అమ్మకాల లెక్కల్లో ఈ మలుపుల జాడ దొరకదు. అలాంటి అనిశ్చితికి మందు జోస్యం కాదు, కొద్ది కాపీలు వేసి, అమ్ముడైతే మళ్లీ వేసుకోవడమే.

ఉద్యోగాల మాటేమిటన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. సీసం అక్షరాలు ఏరి పేర్చిన కంపోజిటర్ల వృత్తి డీటీపీ రాకతో దాదాపు అంతరించింది. కొందరు కీబోర్డు నేర్చుకున్నారు, చాలామంది నేర్చుకోలేకపోయారు. ఈసారి కూడా టైపు చేయడం, ఒకటో ప్రూఫు చూడడం వంటి పనులు తగ్గుతాయి. కానీ పైన చెప్పిన పద్ధతిలో అనుమానాలు తేల్చే మనిషి లేకుండా ఏఐ పని పూర్తి కాదు. ఆ బాధ్యతను ఉన్న ప్రూఫ్‌రీడర్‌కే అప్పగించి, నేర్చుకునే సమయానికీ జీతమివ్వడం యజమాని ధర్మం, లాభం కూడా. భాష తెలిసిన మనిషిని పోగొట్టుకున్న ప్రెస్సుకు ఏఐ చేసిన తప్పు తప్పని చెప్పేవాడుండడు. రెండో అభ్యంతరం గోప్యత గురించి. అది నూటికి నూరు పాళ్లూ సబబే. ప్రశ్నపత్రాలు, వెలువడని రచనలు, పేర్లూ ఫోన్ నంబర్లున్న జాబితాలు బయటి సర్వీసులోకి ఎక్కించకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, రచయిత అనుమతి లేకుండా రాతప్రతిని వేరెవరికీ చూపించకపోవడం ప్రెస్సు పాటించాల్సిన కనీస మర్యాద.

బకాయిలు వసూలు కాక సతమతమవుతుంటే ఏఐ ఎందుకన్న ప్రశ్నా న్యాయమైనదే. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. దాన్ని అమలు చేయించే పని ఏ సాఫ్ట్‌వేరూ చేయదు. ఏఐ తగ్గించగలిగింది చేతులారా చేసుకునే నష్టాన్నే. అది ఎంతో తెలియాలంటే ముందు ప్రతి పనికీ జాబ్ కార్డు రాయాలి: తప్పు ఎక్కడ పుట్టింది, ఏ దశలో దొరికింది, ఎన్ని షీట్లు పోయాయి. మూడు నెలల కార్డులు ముందేసుకుని చూడండి. తప్పులు ఎక్కువగా ప్లేటుకు ముందు పుట్టినవైతే ఏఐకి చందా కట్టండి. మెషీన్ దగ్గర పుట్టినవైతే ఆ డబ్బు పెట్టి రోలర్లు మార్పించండి.