చూపు పన్నెండు సెకన్లు, కిస్తీ ఏడేళ్లు

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటుతుంది. నల్గొండ జిల్లా దామరచర్ల సెంటర్లో చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషికి అటూ ఇటూ కలిపి 200 మీటర్ల రోడ్డు కనపడుతుందనుకుందాం. ఎంత ఖరీదైన కారైనా అతని కళ్ల ముందు ఉండేది 12 సెకన్లు. అంతలోనే రంగు చూస్తాడు, చప్పుడు వింటాడు, నంబరు ఫ్యాన్సీదా కాదా అని ప్లేటు వైపు ఓ కన్నేస్తాడు. "ఎవరిదిరా ఆ బండి? మిల్లోళ్లదా, అమెరికా పిలగాడిదా?" అని పక్కవాణ్ని అడుగుతాడు. జవాబు వచ్చేలోపు కారు వాడపల్లి దిక్కు వెళ్లిపోతుంది. మాట మళ్లీ వడ్ల తేమశాతం మీదికి మళ్లుతుంది.

స్టీరింగు ముందున్న మనిషికి మాత్రం సెంటర్ రాకముందే గుబులు మొదలవుతుంది. డబ్బుందని చూపించుకుంటున్నాడంటారేమో. ఎవరి సొమ్ముతో కొన్నాడో అంటారేమో. ఆగి పలకరిస్తే గొప్పలకు పోయినట్టుంటుందా, ఆగకుండా పోతే పొగరనుకుంటారా? పట్నంలో స్పోర్ట్స్ కారు ఉంచుకుని ఊరికి మాత్రం పాత బండిలో వచ్చేవాళ్లున్నారంటే కారణం ఇదే. ఈ గుబులును నేను తీసిపారెయ్యను. కాకపోతే అంకెల్లో పెట్టి చూస్తే, భయపడాల్సిన చోట భయపడకుండా, అక్కర్లేని చోట భయపడుతున్నామని తేలుతుంది.

ముందు, జనం ఎందుకు చూస్తారన్నది తేల్చుకుందాం. 2024లో దేశంలో అమ్ముడైన ప్యాసింజర్ వాహనాలు సుమారు 43 లక్షలు. మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడి వంటి లగ్జరీ కార్లన్నీ కలిపితే 51 వేల దాకా ఉంటాయి. వందకు ఒకటి, ఇంకాస్త. స్పోర్ట్స్ కార్లకే పేరుపడ్డ కంపెనీల దగ్గరికొస్తే లెక్క మరీ పలచబడుతుంది. ఆ ఏడాది పోర్షే అమ్మినవి 1,006, లంబోర్గిని అమ్మినవి 113. వాటిలోనూ ఎస్‌యూవీలు ఉన్నాయి. దేశం మొత్తానికి మూడు రోజులకో లంబోర్గిని చొప్పున దిగుతుంటే, అది కంటపడినప్పుడు తల తిప్పి చూడకుండా ఎవరుంటారు? ఆ చూపు నిందించేది కాదు. కొత్తది కాబట్టి చూస్తారు, అంతే.

ఇంతకన్నా నన్ను ఆలోచనలో పడేసిన అంకె వేరే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కారున్న ఇళ్లు నూటికి 5. ఆంధ్రప్రదేశ్‌లో 3 కూడా లేవు. గోవాలో 45, కేరళలో 24 ఉన్నాయి. మన దగ్గర నూటికి 95 ఇళ్లలో ఏ కారూ లేనప్పుడు, గీత కోటి రూపాయల కారుకూ ఐదు లక్షల కారుకూ మధ్య పడదు. కారున్న ఇంటికీ లేని ఇంటికీ మధ్య పడుతుంది. సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ తెచ్చుకున్నవాణ్నీ మొదటి నెలంతా ఊరు అదే కళ్లతో చూస్తుంది.

పైగా దామరచర్ల బయటి బండ్లు ఎరగని ఊరేమీ కాదు. 212 కిలోమీటర్ల అద్దంకి–నార్కట్‌పల్లి నాలుగు వరుసల రోడ్డు ఇటుగానే పోయి, వాడపల్లి దగ్గర కృష్ణ దాటి పల్నాడులో దిగుతుంది. మండలంలోని వీర్లపాలెం దగ్గర 2015 జూన్ 8న యాదాద్రి థర్మల్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, మొత్తం 4,000 మెగావాట్లు. అప్పటి నుంచి ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు, పై రాష్ట్రాల కూలీలు వస్తూ పోతూనే ఉన్నారు. కొత్త ముఖం, కొత్త నంబరు ఇక్కడ రోజూ కనపడేవే.

మనల్ని ఎంతమంది గమనిస్తున్నారన్న అంచనాలో మనిషి ఎంత పొరపడతాడో కొలిచినవాళ్లున్నారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ గిలోవిచ్ బృందం 2000 సంవత్సరంలో ఒక ప్రయోగాన్ని ప్రచురించింది. కుర్రకారు వేసుకోవడానికి సిగ్గుపడే ఒక గాయకుడి బొమ్మున్న టీ షర్టు తొడిగి, విద్యార్థులను ఒక్కొక్కరిగా జనమున్న గదిలోకి పంపారు. బయటికొచ్చాక, నీ చొక్కా మీద బొమ్మ ఎవరిదో ఎంతమంది గుర్తుపట్టి ఉంటారని అడిగారు. నూటికి 46 మంది అన్నారు. గదిలోవాళ్లను అడిగితే గుర్తుపట్టింది 23 మంది. సరిగ్గా సగం. కారు చొక్కా కాదు నిజమే, ఎర్రటి స్పోర్ట్స్ కారును గమనించనివాడు ఉండకపోవచ్చు. అయినా కారును చూసినవాళ్లందరూ లోపలి మనిషిని లెక్కలోకి తీసుకున్నారనుకోవడం మాత్రం మన అంచనాయే. అది ఎప్పుడూ ఎక్కువే పలుకుతుంది.

మనవాళ్లు ఈ చూపుల బరువుకు విరుగుడు ఎప్పుడో కట్టుకున్నారు. నరుడి కంటికి నాపరాయి పగులుతుందని నమ్మిన నేల ఇది. కొత్త బండి ఏదైనా ముందు గుడికే పోతుంది. వాడపల్లి లక్ష్మీనరసింహస్వామి దగ్గరో, యాదగిరిగుట్టలోనో పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, ముందుకు పోనిచ్చి చిదుపుతారు. గుమ్మడికాయ దిగదీసి పగలగొడతారు. బంపర్ కింద మిరపకాయలతో కలిపి గుచ్చిన నిమ్మకాయ వేలాడుతుంది. కోటి రూపాయల కారుకైనా, ట్రాక్టరుకైనా ఖర్చు కొద్ది రూపాయలే. దిష్టి తగులుతుందా లేదా అన్నది పక్కన పెడదాం. పూజ అయ్యాక బండి తోలేవాడి భుజాల మీద బరువు దిగడం మాత్రం ఎదురుగా నిలబడి చూస్తే తెలుస్తుంది.

ఇక ఊరు నిజంగా వేసే లెక్కకు వద్దాం. అది ధర గురించి.

షోరూమ్ ధర కోటి రూపాయలున్న పెట్రోలు కారు తీసుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం. ఆ కోటిలో పన్నే 28 లక్షల 57 వేలు. దాని మీద రాష్ట్రం వేసే జీవిత పన్ను ఉంది. తెలంగాణలో 20 లక్షలు దాటిన కార్లకు 2022లో దాన్ని 18 శాతం చేశారు. ఆ రేటు వేసుకున్నా 18 లక్షలు. బీమా కలపకుండానే బండి రోడ్డెక్కేసరికి కోటీ 18 లక్షలవుతుంది. అందులో 46 లక్షలకు పైగా, అంటే నూటికి 39 రూపాయలు ప్రభుత్వాలకే పోతాయి. 80 లక్షలు అప్పు తీసుకుని 9 శాతం వడ్డీతో ఏడేళ్లు కడితే నెల కిస్తీ దాదాపు లక్షా 29 వేలు. వడ్డీయే 28 లక్షలు.

ఆ కోటీ 18 లక్షలను ఇక్కడి రైతు భాషలోకి మారుద్దాం. 2025–26లో ఏ గ్రేడ్ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. సన్నాలకు రాష్ట్రం ఇస్తానన్న 500 బోనస్ కలిపితే 2,889. ఎకరానికి 25 క్వింటాళ్లు పండితే చేతికొచ్చేది 72,225. దున్నుడు, నాట్లు, ఎరువు, కోత ఖర్చులు తీయకముందు మాట ఇది. అలా చూస్తే ఆ కారు 163 ఎకరాల ఒక పంట. 2024–25లో తెలంగాణ తలసరి ఆదాయం 3,79,751 రూపాయలు కాబట్టి, సగటు మనిషి పైసా ఖర్చుపెట్టకుండా 31 ఏళ్లు కూడబెట్టాలి.

ఈ లెక్క నోటితో చెప్పకపోయినా అందరి మనసులోనూ నడుస్తుంది. దీన్ని ఉత్త ఓర్వలేనితనం అనుకోవడం నాకు ఒప్పుదల కాదు. మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లు పచ్చిగానే మిల్లులకు చేరతాయి. సీజన్‌లో ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరుతాయి. ధాన్యం దింపిన రోజే డబ్బు చేతికి రాకపోతే రైతు నమ్మకం మీద ఇంటికి వెళ్తాడు. అలా వడ్ల పైసల కోసం చూస్తున్నవాడి ముందు నుంచి, బాకీ ఉన్న ఇంటివాళ్ల కొత్త కారు దూసుకుపోతే అతను ఏమనుకుంటాడో ఊహించడానికి పరిశోధనలు అక్కర్లేదు. ఆ మాటకు భయపడాల్సిందే. బాకీలు తీర్చి, జీతాలు సమయానికిచ్చి, పన్ను కట్టి కొన్నవాడికి అదే రోడ్డు మీద అంత గుబులు అక్కర్లేదు. కారు ఒకటే. దాని వెనకున్న ఖాతా వేరు.

ఈ నేల మీద పెద్ద బండికి ఇంకో జ్ఞాపకం కూడా అంటుకుని ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం (1946–51) ప్రధానంగా నడిచిన జిల్లా నల్గొండ. అప్పటి భూస్వాముల లెక్కలు పుచ్చలపల్లి సుందరయ్య రాసిపెట్టారు. విసునూరు దేశ్‌ముఖ్ కింద 40,000 ఎకరాలు, సూర్యాపేట దేశ్‌ముఖ్ కింద 20,000, జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర. దొర వస్తుంటే చెప్పులు చేతపట్టుకుని పక్కకు ఒదిగి నిలబడిన తరం మనవలే ఇప్పుడు సెంటర్లో చాయ్ తాగుతున్నారు. వాళ్లకు కారు మీద కోపం లేదు. వాళ్ల పిల్లలూ డల్లాస్‌లోనో, మాదాపూర్‌లోనో మంచి కార్లు నడుపుతున్నారు. కానీ హారన్ కొట్టి పక్కకు జరగమనే తీరు ఎక్కడిదో వాళ్లకు తెలుసు. వేరే ఊళ్లో నవ్వి వదిలేసే పోకడ ఇక్కడ మనసుకు గుచ్చుకుంటుంది.

చూపించుకోకుండా ఉంటే మాట పడకుండా బతకొచ్చా? ఆ దారి కూడా మూసుకుపోయిందని ఇదే గడ్డను ఏలిన ఏడో నిజాం చూపించారు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడంటూ ముఖచిత్రంగా వేసింది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అన్ని దశాబ్దాల్లో తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. ఆయన నలిగిన బట్టలు, పాత టోపీతో కాలం గడిపారు. లోకం ఆయన్ను వినయవంతుడు అనలేదు, పిసినారి అంది.

రోడ్డు మీద కారు ఖరీదు ఎదుటివాణ్నీ, నడిపేవాణ్నీ కూడా మారుస్తుంది. ఆంథొనీ డూబ్, అలాన్ గ్రాస్ 1968లో ప్రచురించిన కాలిఫోర్నియా ప్రయోగం దీనికి పాత సాక్ష్యం. పచ్చదీపం వెలిగినా కదలకుండా కారు ఆపేస్తే వెనకవాళ్లు ఏం చేస్తారో చూశారు. పాత డొక్కు కారు అయితే నూటికి 84 మంది హారన్ కొట్టారు. మెరిసే క్రైస్లర్ అయితే 50 మందే. ఖరీదైన కారులో ఉన్నవాడు ఆ నిశ్శబ్దాన్ని మెప్పు అనుకుంటే పొరపాటు. అందులో జంకు పాలు ఎక్కువ. 2019లో స్టీఫెన్ గార్సియా బృందం ఇంకోటి చూపింది. కొత్త స్నేహాలు దొరకాలంటే ఖరీదైన వస్తువు కనపడాలని మనం అనుకుంటాం, స్నేహం చేయబోయేవాళ్లు మాత్రం సాదా వస్తువున్నవాళ్లవైపే మొగ్గుతారు.

నడిపేవాడి సంగతి ఇంకా ముఖ్యం. 2020లో వెలువడిన లాస్ వేగాస్ అధ్యయనంలో పాదచారులు రోడ్డు దాటుతుండగా 461 కార్లను గమనించారు. ఆగినవి నూటికి 28. కారు ధర ప్రతి వెయ్యి డాలర్లు పెరిగేకొద్దీ ఆగే అవకాశం 3 శాతం చొప్పున తగ్గింది. నా దృష్టిలో ఈ మొత్తం కథనంలో అసలైన అంకె ఇదే. నలుగురూ ఏమనుకుంటారో అని కారు లోపల మథనపడే మనిషి, రోడ్డు దాటే నలుగురి కోసం బ్రేకు మీద కాలు పెట్టకపోతే ఆ మథనం ఎందుకు?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. తెలంగాణలో 7,559. దేశం లెక్కలో 74,897 మంది బైకుల మీద, స్కూటర్ల మీద వెళ్తున్నవాళ్లు, 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. రెండూ కలిపితే నూటికి 64. ఈ రోడ్డు మీద టీవీఎస్ ఎక్సెల్ వెనక గడ్డిమోపు కట్టుకుని వచ్చేవాళ్లు, మేకల్ని తోలుకుపోయేవాళ్లు ఆ లెక్కలోకి వచ్చే మనుషులే.

నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. స్పోర్ట్స్ కారు మూడు, నాలుగు సెకన్లలో దాన్ని అందుకుంటుంది. ఆ వేగంలో అడ్డం వచ్చినదాన్ని చూసి, తేరుకుని, బ్రేకు వేసి నిలిపేసరికి దాదాపు 100 మీటర్లు పోతుంది. 60 మీద అయితే 45 మీటర్లు. వానాకాలం కోతలప్పుడు కల్లాలు చాలక రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు. చీపురుతో కుప్ప చేసే ఆడవాళ్లు బండ్లకు వీపు పెట్టి వంగి ఉంటారు. వాళ్లకు నాలుగైదు వందల మీటర్ల ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, గాలికి గింజ లేవనంత నెమ్మదిగా దాటితే పట్టేది ఇంకో అర నిమిషం. ఆ కారు ఎవరిదని తర్వాత ఎవరైనా అడిగితే, వాళ్లు చెప్పేది దాని రంగు గురించి కాదు. అది తమ పక్కన ఎట్లా పోయిందో చెబుతారు.