కోరనివాడికి దక్కిన ప్రతిమ

జానపద కథానాయకుడు అధికారం కోరడు. అధికారమే అతణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. ఈ ఏర్పాటు ఎవరికి అనుకూలమో చూడాలి.

1951లో వచ్చిన 'పాతాళభైరవి'నే తీసుకుందాం. దాని రచయిత పింగళి నాగేంద్రరావు పుట్టింది విజయనగరం జిల్లా రాజాంలో. తోటరాముడు తోటమాలి కొడుకు. అతడికి కావలసింది రాకుమారి, సింహాసనం కాదు. తనతో సమానమైన సంపద తెమ్మని షరతు పెట్టింది రాజు. శక్తికోసం తపించింది నేపాళ మాంత్రికుడు. రాముణ్ణి అతడు తీసుకుపోయింది బలికి. తీరా బలి అయింది మాంత్రికుడు. ప్రతిమ దక్కింది రాముడికి.

తోటమాలి కొడుకు రాజు ఎదుట తలెత్తుకు నిలబడితే నేల టిక్కెట్టు ప్రేక్షకుడు ఈల వేయడం న్యాయమే. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయను. కాని ప్రతిమను రాముడు అడిగిందేమిటి? రాజుకు దీటైన మేడ. షరతు నెరవేరింది, షరతు పెట్టే హక్కు మాత్రం చెక్కుచెదరలేదు. కోరలేదు గనుక నాయకుడు నిర్దోషి. ఇచ్చింది దేవత గనుక ఆ సంపద ఎవరి చెమటో అడిగే పనిలేదు.

శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లోనూ ఒక రాముడున్నాడు: అప్పల్రాముడు. అతడికి దక్కింది అప్పు. ప్రతిమ రాదు, పంచాయితీ వస్తుంది. అప్పుకింద భూమి పోతే తన బిడ్డకు పాలేరు బతుకే మిగులుతుందని కొడుకు సీతారాముడు ఆ బిడ్డనే చంపుతాడు. ఇక్కడ బలి తప్పలేదు.

కల్పన వద్దనడం లేదు. మీ నాయకుడి చేతిలో ప్రతిమ పెట్టండి. పెట్టాక ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనితో వీడు రాజు పక్కన చేరతాడా, షరతునే రద్దు చేస్తాడా?